ఆకు లోపలి బూజుని మలేరియా టెస్ట్‌కి పంపించా, స్క్రీనింగ్ సర్వీస్ రివ్యూ, 3.5/5

పేరు రాయను, అడగొద్దు. ఇందులో సగం తప్పు నాది, పైగా ఈ రకం సర్వీస్ ఎవరి దగ్గర తీసుకున్నా దాదాపు ఇవే గోతులుంటాయి, అందుకని పేరు కన్నా గొయ్యి ఎక్కడుందో తెలిస్తే చాలు. సర్వీస్ ఏంటంటే, మన ఎక్స్‌ట్రాక్ట్‌ని, అంటే బూజులోంచి తీసిన సారాన్ని, ఎండబెట్టి చిన్న వయల్‌లో వేసి పంపిస్తే దాన్ని మలేరియా పరాన్నజీవి మీద, అంటే ప్లాస్మోడియం ఫాల్సిపారం మీద వేసి చూసి ఎంత శాతం ఆపింది, ఐసీ50 (పరాన్నజీవి పెరుగుదలని సగానికి ఆపే మోతాదు, ఎంత తక్కువైతే అంత మంచిది) ఎంత అని రిపోర్ట్ ఇస్తారు. మా ల్యాబ్‌లో పరాన్నజీవిని పెంచే ఏర్పాటు లేదు. దానికి మనిషి రక్తం కావాలి, రక్తానికి పర్మిషన్లు కావాలి, ఆక్సిజన్ తక్కువుండే గ్యాస్ కావాలి, పండగైనా ఆదివారమైనా వచ్చి మీడియా (పోషక ద్రవం) మార్చే మనిషి కావాలి. 1976లో ట్రేగర్, జెన్సెన్ దీన్ని మొదటిసారి ల్యాబ్‌లో ఆగకుండా పెంచారు, తర్వాత వాళ్ళే డెసికేటర్‌లో (గాలి చొరబడని గాజు జాడీలో) కొవ్వొత్తి వెలిగించి మూతపెట్టి, ఆరిపోయాక మిగిలిన గాలితోనే పని కానిచ్చారు. వినడానికి ఎంత బాగుందో, చెయ్యడానికి అంత చాకిరీ. అందుకే బయటికి పంపించడం.

నా సరుకేంటో చెప్పాలి ముందు. ఆకు చూడ్డానికి నవనవలాడుతూ ఉంటుంది, ఒక్క మచ్చ ఉండదు, కానీ లోపల కణాల మధ్య సందుల్లో ఫంగస్ కాపురముంటుంది. చెట్టుకి జబ్బు చెయ్యదు, పైగా పురుగుల్ని, వేరే బూజుల్ని దగ్గరికి రానివ్వని రసాయనాలు తయారు చేస్తుంటుంది. వీటినే ఎండోఫైట్లంటారు. దీన్ని బయటికి తీయడం ఒక తంతు, ఆకుని 70 శాతం ఆల్కహాల్‌లో ఒక నిమిషం, హైపోక్లోరైట్‌లో మూడు నిమిషాలు, మళ్ళీ ఆల్కహాల్‌లో అర నిమిషం ముంచి స్టెరైల్ నీళ్ళలో మూడుసార్లు కడుగుతాం, ఆ ఆఖరి కడుగు నీళ్ళు కూడా ఒక ప్లేట్ మీద పోసి పెడతాం, అందులో ఏమన్నా మొలిచిందంటే పైన అంటుకున్నది పూర్తిగా పోలేదని అర్థం, ఆ బ్యాచ్ మొత్తం చెత్తబుట్టలోకే. ఏమీ మొలవకపోతే ఆకుని ఈనె దగ్గర చిన్న చిన్న ముక్కలుగా కోసి పీడీఏ (బంగాళాదుంప సారంతో చేసే మీడియా) ప్లేట్ మీద పెడతాం. నాలుగో రోజో ఐదో రోజో ముక్క అంచు నుంచి తెల్లగా నూగు బయటికొస్తుంది చూడండి, ఎన్నిసార్లు చూసినా నాకు ఇప్పటికీ ప్లేట్ పట్టుకుని అలా నిలబడిపోవాలనిపిస్తుంది.

అలా 26 వచ్చాయి, ఐటీఎస్ సీక్వెన్సింగ్ (ఏ ఫంగసో డీఎన్ఏతో గుర్తుపట్టడం) చేయిస్తే డయాపోర్తె, కొల్లెటోట్రైకమ్, జైలేరియా, ఫ్యుజేరియం, ఎక్కువ ఇవే, ఎవరికైనా ఇవే వస్తాయి లెండి. వాటిలో 12 ఎంచి (ఎఫ్9, ఎఫ్17 అని కింద వచ్చేవి వీటి నంబర్లే) బియ్యం మీద మూడు నాలుగు వారాలు పెంచి ఇథైల్ ఎసిటేట్ అనే ద్రావకంతో ఎక్స్‌ట్రాక్ట్ తీశా.

దీని మీద ఇంత కష్టం ఎందుకంటే మలేరియా ఇంకా పోలేదు కాబట్టి. డబ్ల్యూహెచ్‌వో లెక్కలో 2023లో 26.3 కోట్ల కేసులు, 5.97 లక్షల మరణాలు. ఇప్పుడు ప్రధానంగా వాడేది ఆర్టెమిసినిన్ కాంబినేషన్లు, వాటికి కూడా లొంగని లక్షణం, కే13 జన్యువులో మార్పులతో, ముందు ఆగ్నేయాసియాలో కనపడింది, తర్వాత రువాండా, ఉగాండా, టాంజానియా, ఎరిట్రియాల్లో కూడా దొరికింది. క్వినైన్ చెట్టు బెరడులోంచి వచ్చింది, ఆర్టెమిసినిన్ మొక్క ఆకుల్లోంచి వచ్చింది, మరి మొక్క లోపలుండే ఫంగస్‌ని ఎందుకు వదలాలి అన్నదే ఇక్కడ ఆలోచన. ఊరికే ఊహించింది కాదు, దాఖలాలున్నాయి. థాయిలాండ్‌లో టేకు ఆకులోంచి తీసిన ఫోమోప్సిస్ ఫంగస్ నుంచి 2001లో ఫోమోగ్జాంథోన్లనే పదార్థాలు దొరికాయి, ఒకటి మిల్లీలీటర్‌కి 0.11, ఇంకోటి 0.33 మైక్రోగ్రాములకే పని చేశాయి, అది కూడా మందులకి మొండికేసిన కే1 రకం మీద. కోస్టారికాలో ఒక చెట్టు ఎండోఫైట్ నుంచి 2008లో కొడినియాప్సిన్ అనే పదార్థం వచ్చింది, ఐసీ50 4.7 మైక్రోమోలార్. ఫ్యుజేరియం నుంచి వచ్చిన ఎపిసిడిన్ అయితే 1996లోనే పెద్ద పేరు, పరాన్నజీవిలో హిస్టోన్ డీఎసిటిలేజ్ అనే ఎంజైమ్‌ని ఆపుతుంది, తీరా చూస్తే అదే ఎంజైమ్ మన కణాల్లో కూడా ఉంటుంది, దాన్నీ ఆపుతుంది. ఫోమోగ్జాంథోన్లదీ అదే గొడవ, మనిషి కణాల్ని కూడా చంపుతాయి. ఎండోఫైట్ నుంచి వచ్చిన మలేరియా మందు ఇప్పటిదాకా ఒక్కటి కూడా మెడికల్ షాపుకి చేరలేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, నా రివ్యూ మొత్తం దీని చుట్టే తిరుగుతుంది.

సరే సర్వీస్‌లోకి వద్దాం. ఫారం నింపడం ఈజీ, ప్యాకింగ్ సూచనలు బాగా రాశారు, ఒక వయల్ మూత వదులై కొంచెం కారితే తెరవగానే ఫోటో తీసి పంపి ‘ఇది టెస్ట్ చెయ్యమంటారా వద్దా’ అని అడిగారు, అక్కడ ఫుల్ మార్కులు. మూడు వారాలన్నారు, ఏడు వారాలు పట్టింది. నాలుగో వారంలో నేను ఫోన్ చేస్తే కల్చర్ కంటామినేట్ అయింది మేడమ్ మళ్ళీ మొదలుపెట్టాం అన్నారు. అవుతుంది, ఎవరికైనా అవుతుంది, కానీ నేను ఫోన్ చేసేదాకా ఆగకుండా ముందే ఒక మెయిల్ పడేస్తే వాళ్ళ సొమ్మేం పోయింది?

టెస్ట్ పద్ధతి సైబర్ గ్రీన్. తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో, సైబర్ గ్రీన్ డీఎన్ఏకి అతుక్కుంటే పచ్చగా మెరుస్తుంది, మన ఎర్ర రక్తకణాల్లో కేంద్రకం ఉండదు కాబట్టి డీఎన్ఏ కూడా ఉండదు, అంటే ప్లేట్ గుంటలో మెరుపుందంటే అది పరాన్నజీవిదే. మందు వేసి 72 గంటలుంచి, కణాల్ని పగలగొట్టి, డై వేసి మెషిన్‌లో చదువుతారు, మెరుపు తగ్గిందంటే పరాన్నజీవి పెరగలేదన్నట్టు. చవక, తేలిక, రేడియోధార్మిక పదార్థాలతో పన్లేదు. వాడింది 3డీ7 రకం, ఇది మందులకి లొంగే రకం. దీని మూలం నెదర్లాండ్స్‌లో స్కిపోల్ ఎయిర్‌పోర్ట్ దగ్గరుండే ఒక పేషెంట్, అసలు దేశం దాటి వెళ్ళని మనిషి, విమానంలో వచ్చిన దోమ కుట్టి ఉంటుందని లెక్క. ఇప్పుడు ప్రపంచంలో సగం ల్యాబుల్లో పెరిగేది ఆ వంశమే, 2002లో జీనోమ్ చదివింది కూడా దీన్నే.

మొదటి రిపోర్ట్ వచ్చింది. మిల్లీలీటర్‌కి 10 మైక్రోగ్రాముల డోస్ దగ్గర ఎఫ్17 96 శాతం, ఎఫ్23 91 శాతం, ఎఫ్9 64 శాతం, మిగతావన్నీ 30 లోపు. నేనైతే ల్యాబ్‌లో గట్టిగా అరిచేశా, మా సీనియర్ అక్క వచ్చి చూసి ‘96ఆ? పేపర్ రాసుకోవే ఇంక’ అంది. ప్రింట్ తీసుకుని గైడ్ సార్ దగ్గరికి పరిగెత్తా. ఆయన రిపోర్ట్ రెండో పేజీ కూడా తిప్పకుండా ఒకటే అడిగారు.

‘ఎఫ్17 రంగేంటమ్మా?’

నారింజ ఎరుపు సార్ అన్నా. ఆయన ఇంకేం మాట్లాడలేదు, కళ్ళజోడు తీసి టేబుల్ మీద పెట్టారు. అప్పుడు వెలిగింది నాకు.

విషయమేంటంటే సైబర్ గ్రీన్‌ని నీలి కాంతితో వెలిగిస్తారు, 485 నానోమీటర్ల చుట్టుపక్కల, అది 530 దగ్గర పచ్చగా మెరుస్తుంది. నారింజ ఎరుపు రంగు పదార్థం సరిగ్గా ఆ కాంతినే మింగేస్తుంది. అంటే పరాన్నజీవి నిక్షేపంగా బతికున్నా మెషిన్‌కి మెరుపు కనపడదు, చచ్చిందనుకుంటుంది. ఫంగస్‌ల్లో ఆంథ్రాక్వినోన్లు, అలాంటి రంగులు కోకొల్లలు, ప్లేట్ వెనక్కి తిప్పి చూస్తే ఎరుపు, పసుపు, ఊదా, ఏ రంగు కావాలంటే ఆ రంగు. ఫోన్ చేసి అడిగా, రంగు వల్ల వచ్చే తేడా కోసం కంట్రోల్ ఏమన్నా పెట్టారా అండి అని. ‘మా ప్రోటోకాల్‌లో కలర్ కంట్రోల్ ఉండదండి, అడిగితే చేస్తాం’ అన్నారు. అడిగితే! ఎక్స్‌ట్రాక్ట్‌లు పంపేవాళ్ళలో ఎంతమందికి ఇది అడగాలని తెలుస్తుంది, నాకే తెలీదు కదా.

చేశారు పాపం, చేస్తే ఏమైందో చూడండి. మందు వెయ్యకుండా పెంచిన గుంటలో, అంటే పరాన్నజీవి నిండా ఉన్నదాంట్లో, చదవబోయే ముందు మాత్రమే ఎఫ్17 కలిపారు. పరాన్నజీవి చావడానికి టైమే లేదు. అయినా మెరుపు ముప్పాతిక వంతు పడిపోయింది. దానికితోడు జీమ్సా స్మియర్ (రక్తాన్ని గాజు పలక మీద పూసి రంగు వేసి మైక్రోస్కోప్‌లో చూడటం) అడిగి తీయించుకున్నా. ఆ ఫోటో ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది, ఎఫ్17తో 72 గంటలున్న రక్తం అది, దాంట్లో ఉంగరాల్లాంటి చిన్న పరాన్నజీవులు, కొంచెం పెద్దయి మధ్యలో గోధుమరంగు చుక్క పెట్టుకున్నవి, ఒకచోటైతే పగలడానికి రెడీగా పిల్లలతో కిక్కిరిసిన కణం, అన్నీ హాయిగా ఉన్నాయి. 96 శాతం మందు పనిచేసిన రక్తమంట అది.

దీని మీద నా తీర్పు చెప్పేస్తా. వాళ్ళు మోసం చేశారనను, మెషిన్ ఇచ్చిన నంబరే ఇచ్చారు. కానీ ఫంగస్ ఎక్స్‌ట్రాక్ట్‌లు టెస్ట్ చేస్తామని చెప్పుకునే సర్వీస్ రంగున్న శాంపిల్ వస్తే దానంతటదే కలర్ కంట్రోల్ పెట్టాలి, ఇది ఆప్షన్ కింద ఉండాల్సింది కాదు. ఒక స్టార్ ఇక్కడే పోయింది.

ఎఫ్23 కథ వేరే. దీనికి రంగు లేదు, లేత గడ్డి రంగు అంతే, కలర్ కంట్రోల్‌లో పాసయ్యింది. డోస్ మార్చి మార్చి చేయిస్తే ఐసీ50 1.9 మైక్రోగ్రాములు. క్రూడ్ ఎక్స్‌ట్రాక్ట్‌కి ఇది మంచి నంబరు, చాలామంది 10 లోపుంటేనే సంతోషిస్తారు. ఈసారి నేను తెలివిగా హెప్‌జీ2 టాక్సిసిటీ కూడా అడిగా, అంటే మనిషి కాలేయ కణాల మీద అదే ఎక్స్‌ట్రాక్ట్. 2.6 వచ్చింది. రెండోదాన్ని మొదటిదాంతో భాగిస్తే 1.4 కూడా రాలేదు సరిగ్గా, దీన్నే సెలెక్టివిటీ ఇండెక్స్ అంటారు, కనీసం 10 ఉంటే గానీ ముందుకెళ్ళడంలో అర్థం లేదు. పరాన్నజీవిని చంపే డోస్‌లోనే మనిషి కణం కూడా చస్తే అది మందెలా అవుతుంది, బ్లీచింగ్ పౌడర్ కూడా మలేరియాని చంపుతుంది.

అయినా ఏముందో చూద్దామని మా దగ్గర ఎల్‌సీఎంఎస్‌లో (పదార్థాల్ని విడదీసి అణువు బరువు చెప్పే మెషిన్) పెడితే బరువు 508, పక్కనే 530, రెండు పీకులు. ఆ ఫంగస్ జైలేరియా. మా అక్క స్క్రీన్ చూసి నవ్వడం మొదలెట్టింది, ‘సైటోకలాసిన్ డి నే, మనింటి పాత చుట్టమే’ అని. స్టాండర్డ్ పక్కన పెట్టి చూసినా అదే. సైటోకలాసిన్లు కణం లోపలి ఆక్టిన్ తాళ్ళని అల్లుకోనివ్వవు, పరాన్నజీవి ఎర్రకణంలోకి దూరడానికి ఆ ఆక్టిన్ కావాలి కాబట్టి దూరలేదు. సైటోకలాసిన్ బీతో ఇది 1979లోనే చూపించారు, మీరోజోయిట్ (ఎర్రకణంలోకి దూరే దశలో ఉన్న పరాన్నజీవి) కణానికి అతుక్కుంటుంది గానీ లోపలికి పోలేదు. సర్వీస్ వాళ్ళు పంపిన స్మియర్‌లో సరిగ్గా అదే ఉంది, ఎర్రకణం అంచుకి ఊదారంగు చుక్క ఒకటి అతుక్కుని, తలుపు బయట నిలబడ్డట్టు. ఇక్కడ వాళ్ళని మెచ్చుకోవాలి, స్మియర్ తీసినమ్మాయి ‘కణాల బయట మీరోజోయిట్లు ఎక్కువున్నాయి, గమనించగలరు’ అని అడక్కుండానే ఒక లైన్ రాసి పంపింది. ఆ లైన్ విలువ ఐసీ50 కన్నా ఎక్కువ నాకు. మెషిన్ నంబర్ చెప్తుంది, మనిషి కంటితో చూస్తే కథ తెలుస్తుంది. స్మియర్ ఆప్షన్ ఉంటే కళ్ళు మూసుకుని పెట్టించుకోండి.

మిగిలింది ఎఫ్9, మొదటి రిపోర్ట్‌లో 64 శాతంతో మూడో స్థానంలో ఉండి నేను పట్టించుకోని పిల్ల. ఐసీ50 3.8, హెప్‌జీ2 మీద 100 దాకా వెళ్ళినా ఏమీ కాలేదు, అంటే ఇండెక్స్ 26 దాటింది. క్లోరోక్విన్ అనే పాత మలేరియా మందుకి లొంగని డీడీ2 రకం మీద కూడా ఇంచుమించు అదే నంబరు, అంటే క్లోరోక్విన్‌కి మొండికేసినా దీనికి లొంగుతోంది. ఇదీ కావాల్సింది! ఎల్‌సీఎంఎస్‌లో తెలిసిన మొహం ఒక్కటి కూడా కనపడలేదు.

సరే అని ఎక్కువ మొత్తంలో పెంచి పంపిస్తే 20 శాతం. ఏంటి, 20ఆ? నాకు ముందు వాళ్ళ మీదే అనుమానమొచ్చింది, ఎందుకంటే మొదటి శాంపిల్‌ని డీఎంఎస్ఓ అనే ద్రావకంలో కరిగించి అదే గొట్టాన్ని నాలుగైదుసార్లు గడ్డకట్టించి కరిగించి వాడారని తర్వాత తెలిసింది. డీఎంఎస్ఓ 18 డిగ్రీలకే గడ్డకడుతుంది, ప్రతిసారీ కొంచెం కొంచెం సరుకు అడుగున పేరుకుపోతుంది, చిన్న చిన్న భాగాలుగా పంచి పెట్టుకోవాలి కదా. గట్టిగానే మాట్లాడా ఫోన్‌లో. కానీ రెండోసారి 20 వచ్చింది కొత్త శాంపిల్‌కి, దానికీ దీనికీ సంబంధం లేదు, ఆ సంగతి ఫోన్ పెట్టేశాక గుర్తొచ్చింది నాకు. సారీ మెయిల్ పెట్టా తర్వాత.

అసలు తప్పు రెండుచోట్ల నాదే. ఒకటి, ఈ ఫంగస్‌ని ఏడాదిలో ప్లేట్ నుంచి ప్లేట్‌కి పదిసార్లు పైనే మార్చా. ఎండోఫైట్లు చెట్టు బయట పెరిగే కొద్దీ బద్ధకిస్తాయి, ఆ రసాయనాలు చేసే జన్యువుల గుంపు ఉంటుంది గానీ పని ఆపేస్తుంది, చెట్టు నుంచి రావాల్సిన కబురేదో అందట్లేదన్నట్టు. టాక్సాల్ అనే క్యాన్సర్ మందు విషయంలో ఈ ఫీల్డ్ మొత్తానికీ పాఠం అయింది, 1993లో పసిఫిక్ యూ చెట్టు ఫంగస్ టాక్సాల్ చేస్తుందని వచ్చినప్పుడు ప్రపంచమంతా ఊగిపోయింది, వచ్చిన మోతాదు మాత్రం చిటికెడులో చిటికెడు, తర్వాత 2013లో అలాంటి ఫంగస్‌ల జన్యువుల్లో వెతికితే టాక్సాల్ చెయ్యడానికి కావాల్సిన చెట్టు తరహా జన్యువులు దొరకలేదు. రెండో తప్పు, ఎక్స్‌ట్రాక్ట్ త్వరగా ఆరాలని మా జూనియర్ రోటరీ (ద్రావకాన్ని ఆవిరి చేసే మెషిన్) బాత్‌ని 60 డిగ్రీలకి పెట్టేశాడు, నేను చూసి కూడా ఊరుకున్నా. 1971లో చైనాలో తూ యూయూ టీమ్ చేసిన పనేంటి, వేడి తగలకుండా ఈథర్‌తో తక్కువ ఉష్ణోగ్రతలో తీశారు, అప్పుడు గానీ ఆర్టెమిసినిన్ గుణం బయటపడలేదు, అంతకుముందు కాచినవి పనిచెయ్యలేదు. ఈ కథ నేను క్లాసులో పిల్లలకి చెప్తా మళ్ళీ, 2015 నోబెల్ అని కూడా చెప్తా. చెప్పేదొకటి చేసేదొకటి.

మైనస్ 80 డిగ్రీల్లో దాచిన పాత గ్లిసరాల్ స్టాక్ (ఇన్నిసార్లు మార్చకముందు గడ్డకట్టించి పెట్టిన అదే ఫంగస్) తీసి, అదే చెట్టు ఆకుల కషాయం కొంచెం బియ్యంలో కలిపి పెంచి, బాత్ 40 దాటనివ్వకుండా తీసి పంపిస్తే 51 శాతం వచ్చింది. 64 కాదు గానీ, బతికింది. రెండూ ఒకేసారి మార్చా కాబట్టి ఏది కలిసొచ్చిందో చెప్పలేను, అది కూడా నా తొందరే.

ఇక ఎవరైనా ఇలాంటి సర్వీస్ తీసుకునేవాళ్ళకి, పంపే ముందే మెయిల్‌లో రాయించుకోండి, రంగున్నవాటికి కలర్ కంట్రోల్, మంచి నంబరొచ్చిన ప్రతిదానికీ స్మియర్, మనిషి కణాల మీద టాక్సిసిటీ, కనీసం వేర్వేరు రోజుల్లో మూడుసార్లు రిపీట్, పోలిక కోసం అదే ప్లేట్ మీద పెట్టే క్లోరోక్విన్‌కి ఐసీ50 ఎంత వచ్చిందో ఆ నంబర్ కూడా. క్లోరోక్విన్ 3డీ7 మీద నానోమోలార్లలో రావాలి, అదే తప్పొస్తే మిగతా కాలమ్‌లు చూడక్కర్లేదు. నా రిపోర్ట్‌లో అది బాగానే వచ్చింది, ప్లేట్ క్వాలిటీ చెప్పే జెడ్ ప్రైమ్ కూడా ప్రతిసారీ 0.5 పైనే, అంటే పని తెలిసినవాళ్ళే. ఒక్క డోస్ శాతం చూసి మాత్రం ఎవరికీ ఫోన్లు చెయ్యకండి నాలాగా.

స్పీడ్‌కి రెండు, టెస్ట్ నాణ్యతకి నాలుగు, స్మియర్‌కి ఐదు, అడిగితేనే చేస్తాం అన్న ఆ వాక్యానికి ఒకటి. మొత్తం మీద మూడున్నర. మళ్ళీ వాళ్ళకే పంపిస్తానా అంటే, పంపించేశా కూడా, ఎఫ్9ని కాలమ్‌లో వేసి ఎనిమిది భాగాలుగా విడగొట్టి సోమవారం పార్సిల్ చేశా. ఐదో భాగం కొంచెం పసుపుగా ఉంది, వయల్ మీద పెద్దక్షరాలతో ‘రంగు ఉంది, కంట్రోల్ పెట్టండి’ అని రాసి మరీ పంపా.